నీళ్లక్క కట్టిన వాగు

ఆ వర్క్‌షాపులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. అందరికీ నీళ్లక్క. వర్క్‌షాపు నడిపే మేస్త్రి ఆమె కంటే పెద్దవాడే అయినా ఆయన కూడా నీళ్లక్కా అనే పిలిచేవాడు. అక్కడ జరిగేది బొమ్మ రైలుదారులు కట్టే పని. మ్యూజియంలకో, రైల్వే బడులకో, సరదా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకో, మంచాలంత బల్లల మీద కొండలు, సొరంగాలు, స్టేషన్లు కట్టి, అరచేతిలో ఇమిడే రైళ్లు తిప్పుతారు. పట్టాలు పరిచేది ఒకరు, చెట్లు గుచ్చేది ఒకరు. వాగులూ చెరువులూ ఆమె పని.

"నీళ్లకి రంగుండదర్రా. రంగంతా అడుగుదే" అనేది కొత్తగా చేరినవాళ్లతో. ముందు ప్లాస్టరుతో వాగు అడుగు తీర్చి, జల్లెడ పట్టిన ఇసుక అంటించి, లోతున్న చోట ముదురాకుపచ్చలో నలుపు కలిపి, ఒడ్డుకొచ్చేసరికి తడిమట్టి రంగులోకి దింపేది. అప్పుడు దాని మీద రెజిన్ పోసేది. పోసేటప్పుడు పాకంలా జారుతుంది, ఆరాక అద్దంలా గట్టిపడుతుంది. అంతా ఒక్కసారే పోస్తే వేడెక్కి పగులుతుంది కాబట్టి పొర మీద పొర. ప్రతి పొరకీ బుడగలు పైకి తేలేలా వేడిగాలి పట్టాలి. ఇంత తంటా ఎందుకు, అసలు నీళ్లే పోయొచ్చుగా అని ఎవరైనా అడిగితే నవ్వేది. "బల్ల మీద నీళ్లు వాగులా పారవు. గ్లాసు ఒలికినట్టుంటాయి. చిన్న నీళ్లకి పెద్ద నీళ్ల నడక రాదు."

ఆమెకున్నది ఒక్క తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడింకా చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేడు. తనే స్నానం చేయించి, తనే బడికి పంపి, తనే జ్వరాలకి మేల్కొని పెంచింది. ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరుస్తున్నా ఆమెకి వాడు చిన్నోడే. రైల్వేలో పట్టాల వెంట నడిచి కాపలా కాసే ఉద్యోగం. బండి వచ్చేముందు తన వంతు దారంతా నడిచి, బోల్టులు, కట్టలు, వంతెన చూసి రావాలి.

పెళ్లయ్యాక వాడు ఆ పట్టాల పక్కనే ఉన్న క్వార్టర్స్‌కి మారిపోయాడు. దాంతో మరదలంటే ఆమెకి లోపల ఒక ముల్లు. అది బయటపడింది మాత్రం చిన్న విషయంలో. కొత్తింట్లో పెట్టుకోమని నీళ్లక్క గాజుపెట్టెలో ఒక చిట్టి చెరువు చేసి ఇచ్చింది. మరదలు దాన్ని తీసుకెళ్లి ఎండ తగిలే కిటికీలో పెట్టింది. ఎండకి రెజిన్ పసుపు రంగుకి తిరిగిపోయింది. "నా చెరువుని కషాయం చేసింది" అని అలిగి, అప్పట్నుంచి ఆ పిల్లతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. పిల్ల కూడా పట్టుదల మనిషే. లాండ్రీలో రోజంతా ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి వచ్చి, ఈవిడ మూతివిరుపులు ఎందుకు పడాలి అనుకుంది. మధ్యలో చిన్నోడు ఇద్దరికీ జోకులు చెప్పుకుంటూ నెట్టుకొచ్చేవాడు.

ఆ ఏడాది ఒక రైల్వే శిక్షణ బడి నుంచి పెద్ద పని వచ్చింది. కొత్తగా చేరేవాళ్లకి చూపించడానికి వంతెన, వాగు, కట్ట ఉన్న దారి కావాలన్నారు. "ఏదో ఒక వాగెందుకు, మా చిన్నోడు కాపలా కాసే వాగే చేస్తా" అంది నీళ్లక్క. వాడు సంబరపడిపోయి వంతెనని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపాడు. ఆ వాగు ఇసుకే కావాలంటే టిఫిన్ డబ్బాలో నింపుకొచ్చాడు. "తినొద్దే అక్కా, ఉప్పు తక్కువైంది" అని డబ్బా చేతిలో పెట్టాడు. బల్ల మీద వాగు అడుగు తయారైంది. రెజిన్ పొయ్యడం ఒక్కటే మిగిలింది.

అంతలో ఆ వాన వచ్చింది.

ఎగువన ఎక్కడో ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. తెల్లారేసరికి వాగు కట్టలు ఒరుసుకుని పారుతోంది. పొద్దుటి బండి రాకముందే చిన్నోడు నడుచుకుంటూ వెళ్లి చూస్తే, వంతెన దాటాక కట్ట లోపల మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడుతున్నాయి. వాడు వంతెన కమ్మీకి ఎర్రజెండా కట్టాడు, స్టేషన్‌కి ఫోన్ చేశాడు, బండి వెనక స్టేషన్లోనే ఆగిపోయింది. అందులో ఎంతమంది ఉన్నారో, వాళ్లంతా క్షేమంగా దిగి టీ తాగారు. ఆ తర్వాత వాడు కనిపించలేదు. కట్ట తెగి, ఒడ్డున ఉన్న పంపు గది కూలి, నీళ్లు తగ్గాక మిగిలింది ఆ జెండా ఒక్కటే.

నీళ్లక్క వెళ్లేసరికి ఒడ్డున జనం, తాళ్లు, పడవలు. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని "మీ తమ్ముడు దేవుడమ్మా, బండెడు మందిని కాపాడాడు" అన్నారు. ఆమె ఆ చెయ్యి విదిలించుకుంది. మరదలు తడిసిన బట్టలతో పరుగున వచ్చి, "వదినా, నాతో ఫోన్‌లో మాట్లాడాడు, ఆయన..." అని ఏదో చెప్పబోయింది. "నీ మాటలు నాకొద్దు! వాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చింది నువ్వు కాదూ!" అని నీళ్లక్క అందరి ముందూ అరిచింది. ఆ పిల్ల నోరు అక్కడే మూతపడింది.

గాలింపు మొదలైంది. జట్టుకి నాయకుడు నెమ్మదైన మనిషి. జెండా వంతెన మీద ఉంది కాబట్టి అక్కడే జారి ఉంటాడని, కిందికి, వాగు వెళ్లి నదిలో కలిసే దాకా, పొద పొదా వెతికించాడు. ఒక రోజు, రెండు రోజులు. నీళ్లక్క ఒడ్డున నిలబడి పడవలు ఎటు తిరిగితే అటు తల తిప్పేది. వెంట ఉన్నవాళ్లు రొట్టె చేతిలో పెడితే అది చేతిలోనే ఎండిపోయేది. సాయంత్రమయ్యేసరికి పడవలు ఖాళీగా తిరిగొచ్చేవి.

మూడోనాడు ఆమె వర్క్‌షాపుకి వెళ్లింది. పనికి కాదు. కొలతలు వేసి కట్టిన వాగు అక్కడుంది. ప్రతి మలుపూ, ప్రతి బండా వాడి ఫోటోలు చూసి తన చేత్తో తీర్చినవే. వాడు వంతెన మీద జారితే నీళ్లు ఎటు తీసుకెళ్లాయో ఈ బల్ల చెప్పదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చాక ఇంక ఆమెని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

బకెట్‌తో నీళ్లు తెచ్చి ఎగువ నుంచి పోసింది. వంతెన మధ్య నుంచి సీసా బిరడా ముక్క ఒకటి, గోరంత ముక్క, జారవిడిచింది. అది గిరగిరా తిరిగి రెండో మలుపు దగ్గర ఎడమ ఒడ్డుకి అతుక్కుంది. ఆటో ఎక్కి వాగుకి పరుగెత్తింది.

"సార్, రెండో మలుపులో ఎడమ పక్క చూడండి. ఒక్కసారి చూడండి."

"అక్కడ చూశామమ్మా."

"మళ్లీ చూడండి సార్, మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను ఆమెని వంగనివ్వలేదు. మనుషుల్ని పంపాడు. వాళ్లు నడుం లోతు బురదలో గడకర్రలతో పొడిచి పొడిచి చూసి తిరిగొచ్చారు. ఏమీ లేదు.

మర్నాడు బిరడా కుడి పక్క బండకి తగులుకుంది. మళ్లీ పరుగు. మళ్లీ లేదు. ఆ తర్వాత ఒక్కో పోతకీ ఒక్కో చోటికి పోవడం మొదలెట్టింది. ఒకసారి నేరుగా బల్ల చివరికి, ఒకసారి వంతెన కాలి దగ్గరే. నీళ్లలో మట్టి కలిపి పోసింది, చక్కెర కలిపి చిక్కగా చేసి పోసింది. బిరడా బదులు కొవ్వొత్తి ముక్క వేసింది. ఆమె ఎంతో ఓపికగా వేసిన రంగు పొట్టులా లేచిపోయింది, ప్లాస్టరు నానిపోయి ఒడ్డులు ఊడిపడ్డాయి, అడుగున వైర్లు తడిసి లైట్లు పోయాయి. వర్క్‌షాపులో వాళ్లు ఆమె చుట్టూ కాలివేళ్ల మీద నడిచేవాళ్లు.

మేస్త్రి ఇక చూడలేక వచ్చి బకెట్ పట్టుకున్నాడు.

"నీళ్లక్కా, నువ్వే కదా చెప్పేదానివి. చిన్న నీళ్లకి పెద్ద నీళ్ల నడక రాదని."

"వదులు."

"బల్ల పోతే పోయింది, ఇంకోటి కడదాం. నువ్వు పోతున్నావమ్మా."

"మేస్త్రీ, వదులు. ఇది కూడా ఆపేస్తే నేనేం చెయ్యను? ఇంట్లో కూర్చుని గోడల్ని చూడనా?"

ఆయన వదిలేశాడు. పక్కకెళ్లి ముఖం అటు తిప్పుకుని ఏవో బ్రష్షులు కడగడం మొదలెట్టాడు.

నాలుగోసారి ఆమె ఒడ్డుకి వెళ్లినప్పుడు గాలింపు మనుషులు ఆమెని దూరం నుంచి చూసి తలలు దించుకున్నారు. ఆమెకది కనిపించింది. తను వస్తుంటే వాళ్లకి భయమేస్తోంది. నాయకుడు ఎదురొచ్చి, ఆమె చెప్పిందంతా ఓపికగా విని, "అమ్మా, రేపట్నుంచి పడవలు దిగువ నది వైపు వెళ్లిపోతాయి. ఇక్కడ ఇంక వెతకడానికి చోటు లేదు" అన్నాడు. ఆమె వర్క్‌షాపుకి తిరిగొచ్చి మళ్లీ బకెట్ అందుకుంది.

మర్నాటి మధ్యాహ్నం మరదలు వర్క్‌షాపుకి వచ్చింది. ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. కళ్లు లోపలికి పోయి, జుట్టు దువ్వుకోక, చేతిలో ఒక సంచి. అందులో అన్నం డబ్బా ఉంది.

"నువ్వు ఫోన్ ఎత్తట్లేదు వదినా. తాళ్లు, పడవలు సర్దేస్తున్నారు. ఎవరో చెప్పగా నీకు తెలియకూడదని వచ్చాను."

నీళ్లక్క నీళ్లు పోస్తూనే ఉంది. ఆ పిల్ల సంచి కింద పెట్టి బల్ల దగ్గరికొచ్చింది. కాసేపు చూసి, "మా వాగే" అంది మెల్లగా. "ఇదిగో వంగిన కమ్మీ. ఇదిగో పంపు గది." వంగిపోయిన కమ్మీని కూడా వదిన అచ్చం అలాగే చేసిందని వేలు పెట్టి చూసింది. తర్వాత బిరడా ముక్క వంతెన మీంచి పడటం చూసి నుదురు ముడుచుకుంది.

"వంతెన మీద్నించి ఎందుకు వేస్తున్నావు?"

"జెండా అక్కడే కట్టి ఉంది."

"జెండా కట్టాకే కదా నాకు ఫోన్ చేసింది! బండి ఆగింది, భయం లేదు, పంపు గది గోడ పక్కన నిలబడ్డాను, వాన తగ్గగానే వస్తా, టీ పెట్టు అన్నాడు. అదే చెప్పబోయాను వదినా, ఆ రోజే."

నీళ్లక్క చేతిలో మగ్గు ఆగిపోయింది. ఆ రోజు ఈ పిల్ల తడిసి ముద్దై నిలబడటం, తను అరవడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఇన్నాళ్లూ తప్పు చోట నిలబడి తమ్ముణ్ణి నీళ్లలో వేస్తూ ఉంది.

"ఎవరికీ చెప్పలేదా?"

"స్టేషన్లో చెప్పాను. ఆ గందరగోళంలో ఎవరు రాసుకున్నారో, ఎవరు మర్చిపోయారో."

పంపు గది బల్ల మీద అగ్గిపెట్టంత ఉంది. వంతెనకి ఎగువన, అవతలి ఒడ్డున, సరిగ్గా బల్ల అంచుని ఆనుకుని. నీళ్లక్క బిరడాని అక్కడ పెట్టి నీళ్లు పోసింది. అది మెల్లగా కదిలి వంతెన కిందికే వెళ్లింది.

"ఎక్కడ పడ్డా కిందికే వస్తాడు" అంది. "కిందంతా వెతికేశారు."

"రాడు వదినా. ఆ రోజు చెట్లు కొట్టుకొచ్చి వంతెన మొత్తం అడ్డం పడ్డాయి. అవి పడ్డప్పుడల్లా వాగు వెనక్కి పొంగి మా పెరటి వైపు తిరుగుతుంది. పోయినేడు మా గట్టు దాకా వచ్చింది." చెబుతూనే ఆ పిల్ల తన పిడికిలి తీసుకెళ్లి బొమ్మ వంతెన కింద కుక్కింది. "ఇప్పుడు పొయ్యి."

నీళ్లు పిడికిలికి తగిలి ఆగాయి. లేచాయి. పంపు గది చుట్టూ నిండి, ప్లాస్టరు గట్టు పక్కనుంచి పొర్లి, బల్ల అంచు దాటి ధారగా నేల మీద పడ్డాయి. మరదలి చెప్పులు తడిసిపోయాయి. ఆ పిల్ల కదల్లేదు.

"మా ఇల్లు నీ బల్ల మీద లేదు వదినా" అంది. "ఇదిగో, నేను నిలబడ్డ చోట ఉంది."

బల్ల ఎంత పెద్దది కావాలో శిక్షణ బడివాళ్లు చెప్పినప్పుడు, ఆ పక్క ఏముందిలే అని అంచు గీసింది నీళ్లక్కే. అక్కడ పాత వాగు గుంట ఒకటుంది. కట్ట వెయ్యకముందు నీళ్లు అటే పారేవట. ఇప్పుడు పట్టాల కింద పుచ్చిపోయిన చెక్క స్లీపర్లు తీసి పారేసే చోటు.

ఇద్దరూ ఆటో ఎక్కారు. వెళ్లేసరికి నాయకుడు తాళ్లు చుట్టిస్తున్నాడు. నీళ్లక్కని చూసి అతని మనుషులు మళ్లీ తలలు దించుకున్నారు. ఈసారి ఆమె వెనక నిలబడింది. మరదలే చెప్పింది: ఫోన్, పంపు గది, అడ్డం పడ్డ చెట్లు, పెరటి వైపు తిరిగే నీళ్లు. అతను మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, ముఖం అరచేత్తో రుద్దుకుని, "ఆ గుంటలో నిలిచింది వాన నీళ్లే అనుకున్నాం అమ్మా" అన్నాడు. చుట్టిన తాళ్లు విప్పమన్నాడు.

గుంట క్వార్టర్స్ పెరట్లోంచి చూస్తే ఎదురుగా కనిపిస్తుంది. నీళ్లు తేరుకుని ఆకుపచ్చగా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉన్నాయి. మనుషులు దిగి స్లీపర్లు ఒక్కొక్కటీ లాగి గట్టు మీద వేశారు. నీళ్లక్క మనసులో ఒకటే మాట తిరుగుతోంది, దొరకాలి, దొరకాలి అని. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది అదే. దొరకడమంటే తన లెక్కలో బతికి దొరకడమేనని, ఏ పొదలోనో స్పృహ తప్పి ఉన్నవాణ్ణి లేపి కూర్చోబెట్టడమేనని, గట్టు మీద ఒక మనిషి చెయ్యి పైకెత్తిన క్షణం దాకా ఆమెకే తెలియదు.

నాయకుడు టోపీ తీసి చేత్తో పట్టుకుని వాళ్ల వైపు నడిచొచ్చాడు. అతను నోరు తెరవకముందే నీళ్లక్క కూలబడిపోయింది. ఏడుపు రాలేదు. మట్టిని గుప్పిళ్లతో పట్టుకుని, "వద్దు, వెతకొద్దు, ఆపెయ్యండి" అంటోంది, అప్పటికే అంతా అయిపోయినా.

మరదలు నిలబడే ఉంది. గుంటని కాదు, దాని ఇవతల పెరట్లో కట్టిన దండేన్ని చూస్తోంది. దాని మీద తను పొద్దున్న ఆరేసిన దుప్పటి ఇంకా ఉంది.

"రోజూ ఇక్కడే బట్టలారేశాను వదినా" అంది. "రోజూ. ఇటు తిరిగే ఆరేశాను."

అప్పుడు నీళ్లక్క లేచింది. ఎలా లేచిందో తెలియదు. వెళ్లి ఆ పిల్లని పట్టుకుంది. పిల్ల కొయ్యలా నిలబడి, నిలబడి, ఒక్కసారి విరిగిపడింది. ఆ ఏడుపుకి గుంటలో ఉన్న మగవాళ్లు కూడా పని ఆపి అటు తిరిగి నిలబడ్డారు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. రైల్వే పెద్దలు వచ్చారు, మాట్లాడారు, వెళ్లారు. ఆ బండిలో వచ్చినవాళ్లలో ఒక ముసలాయన వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

నీళ్లక్క పనికి తిరిగొచ్చేసరికి మేస్త్రి పాడైన ప్లాస్టరంతా గీకేసి బల్లని బోడిగా చేసి ఉంచాడు. "శిక్షణ బడివాళ్లతో మాట్లాడాను. ఏ వాగైనా ఫర్వాలేదన్నారు. నువ్వెరగని వాగు ఏదైనా చేద్దాం" అన్నాడు.

"అదే వాగు" అందామె. "కానీ ఈ పక్క ఇంకో చెక్క అతికించాలి. గుంట రావాలి, పెరడు రావాలి. రేపు ఇంకెవడైనా పోతే ఎక్కడ చూడాలో అక్కడ చదువుకునేవాళ్లకి తెలియాలి."

చెప్పినంత తేలిగ్గా చెయ్యలేకపోయింది. అడుగు వేసింది, రంగు వేసింది. గుంట దగ్గరికొచ్చేసరికి బ్రష్ ఆగిపోయేది. లోతెంత ముదురుగా వెయ్యాలి? ఆ నీళ్లని ఆమె చూసింది. ఆకుపచ్చ. ఏ సీసాలో ఏ రంగు ఎంత కలిపితే అది వస్తుందో ఆమె చేతికి తెలుసు. ఆ చేతిని తిట్టుకుంటూ కలిపింది. మొదటిసారి రెజిన్‌లో గట్టిపరిచే మందు పాళ్లు తప్పాయి. ఎన్నాళ్లున్నా ఆరక, ముట్టుకుంటే వేలికి జిగటగా అంటుకునేది. ఇన్నేళ్లలో ఆమెకి అలా ఎప్పుడూ జరగలేదు. అంతా గీకి పారేసింది. గీకుతుంటే అప్పుడు వచ్చింది ఏడుపు, ఇన్నాళ్లదీ కలిపి. మేస్త్రి మిగతావాళ్లని టీకి తీసుకెళ్లిపోయాడు.

రెండోసారి పోసింది. బుడగలు తేలేలా వేడిగాలి పడుతుండగా ఫోన్ మోగింది. మరదలు.

"వదినా, బీరువా తియ్యాలి. ఆయన బట్టలు. ఒక్కదాన్నే తియ్యలేకపోతున్నా."

"వస్తున్నా" అంది నీళ్లక్క.

సాయంత్రం వెలుగుండగానే వెళ్లింది. పెరటి తలుపు మూసి, గడియ మీద గడియ పెట్టి ఉంది. ఇద్దరూ బీరువా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. తాళం మరదలి చేతిలోనే ఉంది. కాసేపటికి నీళ్లక్క తీసుకుంది. తాళం తలుపులో పెట్టింది, తిప్పలేదు. మళ్లీ తీసి పిల్ల చేతిలోనే పెట్టేసింది.

"ఇవాళ వద్దులే వదినా" అంది మరదలు.

"ఊఁ. ఎల్లుండి వస్తా."

"అన్నం తిని వెళ్లు."

నీళ్లక్క లేవలేదు. పిల్ల వంటింట్లోకి వెళ్లి రెండు కంచాలు తీసిన చప్పుడైంది.